మామయ్యగారి కడుపు ఉబ్బరం, ఎంజైమ్ సిరప్: ఇంతకీ ఒంట్లో ఎంజైములు అయిపోతాయా?

ఒంగోలు_కోడలు | శనివారం, ఉదయం 9:40

అందరికీ నమస్తే. మా మామయ్యగారికి 64 ఏళ్లు. రెండు నెలలుగా ఇంట్లో ఇదే గోల. తిన్న గంటన్నరకి కడుపు ఉబ్బుతుంది, లోపల గుడగుడలు, గ్యాస్. రాత్రిళ్లు ఆయనకీ నిద్ర లేదు, మాకూ లేదు. మందుల షాపులో అడిగితే ఎంజైమ్ సిరప్ ఇచ్చారు, పూటకి రెండు చెంచాలు. పైనాపిల్ వాసన వస్తుంది. తాగిన రోజు బాగుందంటారు, మర్నాడు మళ్లీ మొదలు. నాలుగు సీసాలు అయ్యాయి.

ఈలోగా మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒకటి పంపింది. మనిషి పుట్టేటప్పుడే ఇన్ని ఎంజైములని లెక్క ఉంటుందట. ఉడికిన తిండి తింటూ వాటిని ఖర్చు పెట్టేస్తామట, 40 దాటాక ఖాతా ఖాళీ అట. అందుకని అన్నీ పచ్చివే తినాలి, లేదా వాళ్లమ్మే ఎంజైమ్ పొడి కొనాలి. డబ్బా 1,800 రూపాయలు. మామయ్యగారు అది చదివి "నా స్టాకు అయిపోయిందమ్మా" అని తేల్చేశారు. నిజంగా అయిపోతాయా? ఆ పొడి కొనమంటారా?

తోటకూర_కాడ | 9:52

వాము వేయించి, ఉప్పు కలిపి, గోరువెచ్చటి నీళ్లతో ఇవ్వండి. మా నాయనమ్మ 91 ఏళ్లు బతికింది, ఏ సిరపూ తాగలేదు.

కౌంటర్_వెనక | 10:05

మందుల షాపులోనే పని నాది. మామయ్యగారు ఇంకేమేం మందులు వాడుతున్నారో చెప్పగలరా? షుగర్, బీపీ వగైరా.

పల్నాటి_మాస్టారు | 11:30

అమ్మాయ్, ముందు ఆ ఖాతా కథ చూద్దాం. హైస్కూల్లో 32 ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, క్లుప్తంగా చెప్పడం చేతకాదు. ఓపికున్నవాళ్లు చదవండి.

అన్నంలోని పిండిపదార్థం అంటే గ్లూకోజు పూసల దండ. దండ దండగా అది పేగు గోడ దాటి రక్తంలోకి పోలేదు, పూసలు విడిపోవాలి. ఆ దారం తెంపేదే ఎంజైము. అదొక మాంసకృత్తు. ఒక చోట తెంపాక అది అరిగిపోదు, ఇంకో చోటికి పోయి మళ్లీ తెంపుతుంది. అయితే ఒక్కో ఎంజైముకి ఒక్కో రకం ముడి మాత్రమే తెలుసు. అన్నాన్ని విప్పేది నేతిని ముట్టుకోదు, నేతిని విప్పేది పప్పులోని మాంసకృత్తుల జోలికి పోదు. తాళానికి దాని తాళంచెవే పట్టినట్టు అని ఎమిల్ ఫిషర్ 1894లోనే చెప్పాడు.

టెన్త్ పిల్లలతో ఏటా ఒక ప్రయోగం చేయించేవాణ్ణి. రెండు పరీక్షనాళికల్లో పల్చటి గంజి, ఒకదాంట్లో కాస్త ఉమ్మి. ఉమ్మి ఇవ్వమంటే క్లాసు మొత్తం నేల చూపులు చూసేది, చివరికి ప్రతి ఏడూ నాదే దిక్కు. ముప్పావుగంట ఆగి రెండింట్లో అయోడిన్ చుక్క వేస్తే ఉత్త గంజి నల్లటి నీలంగా మారుతుంది, ఉమ్మి కలిపింది మారదు. అందులో పిండి మిగల్లేదు కదా. ఒక డిసెంబరులో ఎంతసేపు చూసినా రెండూ నీలంగానే వచ్చాయి. పిల్లలు నవ్వారు. నాళికను గోరువెచ్చటి నీళ్ల గ్లాసులో నిలబెట్టాక పని మొదలైంది. ఉమ్మిలోని ఎంజైము ఒంటి వేడి, అంటే 37 డిగ్రీల దగ్గర చురుగ్గా ఉంటుంది, చలికి మందగిస్తుంది. ఇంకో కుర్రాడు త్వరగా కావాలని దీపం మీద మరిగించాడు. అది ఇక ఎప్పటికీ పని చెయ్యలేదు. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు కానట్టే.

ఇంట్లో చూడాలంటే కూర కలపని అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఓ నిమిషం నమలండి. తియ్యగా తగులుతుంది. ఉమ్మిలో ఉండే ఎమైలేజ్ చేసిన పని అది.

ముద్ద పొట్టలోకి దిగాక అక్కడి ఆమ్లం తగిలి ఎమైలేజ్ చచ్చిపోతుంది. ముద్ద మధ్యలో ఉన్నది మాత్రం ఆమ్లం లోపలిదాకా చేరేవరకు పని చేస్తూనే ఉంటుంది. పొట్టలో రాజ్యం పెప్సిన్‌ది. మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది, దానికి ఆమ్లం ఉంటేనే హుషారు. తర్వాత చిన్నపేగు మొదట్లో క్లోమగ్రంథి (పాంక్రియాస్) నుంచి క్షారగుణం ఉన్న రసం వచ్చి ఆ పులుపును విరిచేస్తుంది. పెప్సిన్ పడుకుంటుంది, మాంసకృత్తులకి ట్రిప్సిన్, కొవ్వుకి లైపేజ్, పిండికి ఇంకో ఎమైలేజ్ లేస్తాయి. పైత్యరసం కూడా అక్కడే కలుస్తుంది కానీ అది ఎంజైము కాదు. ఎంగిలి గిన్నె మీద సబ్బులా కొవ్వును చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి లైపేజ్‌కి అందిస్తుంది, అంతే. ఆఖరి పని పేగు గోడది. మాల్టేజ్, సుక్రేజ్, లాక్టేజ్ అనేవి రసంలో కొట్టుకు రావు, ఆ గోడ మీదే నాటుకుని ఉంటాయి. జంట పూసలను ఒంటి పూసలు చేసేది అవే.

ఇక స్టాకు సంగతి. ఉమ్మి రోజుకి లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. క్లోమరసం కూడా దాదాపు లీటరున్నర. అందులోని ఎంజైములు పని అయ్యాక తామే జీర్ణమైపోయి, మళ్లీ ఒంటికి ముడిసరుకు అవుతాయి. రేపటివి రేపు తయారవుతాయి. పుట్టినప్పుడు నింపి పంపిన డబ్బా ఏదీ లేదు.

ల్యాబ్_పిల్ల | మధ్యాహ్నం 12:10

మాస్టారూ, మీ దగ్గర చదువుకోవాల్సింది 🙏

ఆ ఖాతా కథ ఇప్పటిది కాదు. ఎడ్వర్డ్ హోవెల్ అనే అమెరికన్ గత శతాబ్దంలో మొదలుపెట్టాడు. ఒంటికి ఎంజైముల శక్తి ఇంతేనని, పచ్చి తిండిలోని ఎంజైములు దాన్ని ఆదా చేస్తాయని ఆయన వాదన. శరీరశాస్త్రం దాన్ని ఒప్పుకోలేదు కానీ పొడి అమ్మేవాళ్లకి బాగా పనికొచ్చింది. క్యారెట్‌లో ఉన్న ఎంజైములు క్యారెట్ అవసరాల కోసం ఉన్నవి. మన పొట్టలోకి వస్తే వాటిలో చాలామటుకు మామూలు మాంసకృత్తుల్లాగే పెప్సిన్ కత్తికి బలి.

పచ్చిగానే_తింటా | 12:25

మరి బొప్పాయిలో పపైన్, పైనాపిల్‌లో బ్రొమెలైన్ సంగతేంటి? అవి మాంసాన్నే కరిగిస్తాయి. ప్రకృతి ఇచ్చింది ఊరికే ఇవ్వదు. మీ పుస్తకాల్లో లేనంత మాత్రాన అబద్ధం అయిపోదు. నేను మూడేళ్లుగా పొద్దుటిపూట పొయ్యి వెలిగించలేదు, నాకు గ్యాస్ అంటే ఏమిటో తెలియదు.

టోలీచౌకీ_దస్తర్‌ఖాన్ | 12:48

బొప్పాయి అన్నారు కాబట్టి వచ్చాను, అది నా ఏరియా 😄 పత్తర్ కా గోష్త్‌కి, కబాబ్‌లకి మటన్‌లో పచ్చి బొప్పాయి పేస్టు వేసేది అందుకే. కానీ కాయ పచ్చిగా ఉండాలి, పాలు కారాలి. పండుకి ఆ దమ్ము ఉండదు. కొత్తలో ఒకసారి పెళ్లి ఆర్డరుకి పేస్టు కలిపి రాత్రంతా ఉంచేశాను. పొద్దున్న చూస్తే మటన్ లేదు, మటన్ హల్వా ఉంది. చువ్వకి గుచ్చితే జారిపోయింది. డబ్బు పోయింది, పరువు పోయింది.

ఇంకో ముచ్చట. కోసిన పైనాపిల్ పాలలోనో పెరుగులోనో వేసి ఉంచితే చేదెక్కుతుంది. పాలలోని మాంసకృత్తులను అది కొరికేస్తుంది. ముక్కల్ని చక్కెరలో ఉడికించి చల్లార్చి వేస్తే ఆ తంటా ఉండదు. పైనాపిల్ ఎక్కువ తింటే నాలుక మండేది కూడా ఇందుకేనంటారు. మనం దాన్ని తింటుంటే అది మనల్ని తింటుంది.

ఇప్పుడు నా డౌటు. మటన్‌ని కరిగించే సరుకు మన పొట్టలోనూ ఉంది కదా మాస్టారూ, మరి మన పొట్ట ఎందుకు కరగదు? అదీ బోటీయే కదా?

ల్యాబ్_పిల్ల | 1:15

మంచి ప్రశ్న. పెప్సిన్ ఒరలో కత్తిలా పుడుతుంది. పెప్సినోజెన్ అనే మొద్దు రూపంలో బయటికి వచ్చి, ఆమ్లం తగిలాకే పదునెక్కుతుంది. పొట్ట గోడకి దళసరి జిగురు పూత ఉంటుంది, అందులో క్షారం ఉంటుంది. పైగా ఆ గోడ మీది కణాలు కొన్ని రోజులకొకసారి కొత్తవి వస్తూనే ఉంటాయి. పూత చెడితే అల్సరే.

క్లోమగ్రంథి ఇంకా జాగ్రత్తగా ఉంటుంది. ట్రిప్సిన్‌ను ట్రిప్సినోజెన్‌గా పంపుతుంది. దాని ఒర తీసే ఇంకో ఎంజైము పేగు గోడ దగ్గర కాపలా ఉంటుంది, క్లోమంలో ఉండదు. అంటే తుపాకీ ఒక ఊళ్లో, గుండు ఇంకో ఊళ్లో. పిత్తాశయంలోంచి జారిన రాయి దారికి అడ్డం పడటం వల్లో, మద్యం ఎక్కువగా తాగడం వల్లో అది లోపలే పదునెక్కితే క్లోమం తనను తానే అరిగించుకుంటుంది. పాంక్రియాటైటిస్ అంటారు. అర్ధరాత్రి వచ్చే అలాంటి కేసుల రక్తంలో ఎమైలేజ్, లైపేజ్ చూసేది మేమే. మామూలు కంటే మూడు రెట్లు దాటిందంటే వెంటనే డాక్టరుకి ఫోన్ చేస్తాం.

పల్నాటి_మాస్టారు | 1:40

దస్తర్‌ఖాన్ తమ్ముడి ప్రశ్నకి ఒక పాత కథ ఉంది. 1822లో అమెరికాలో మాకినా దీవిలో సెయింట్ మార్టిన్ అనే కూలివాడికి తుపాకీ గుండు తగిలింది. గాయం మానింది కానీ పొట్టకి కన్నం అలాగే ఉండిపోయింది. బోమాంట్ అనే సైనిక డాక్టరు ఆ కన్నంలోంచి మాంసం ముక్కల్ని పట్టుదారానికి కట్టి లోపలికి దించేవాడు. గంట తర్వాత లాగి చూసేవాడు. పొట్టలోని రసం తీసి సీసాలో పోసి, ఒంటి వేడికి సమానంగా వెచ్చగా ఉంచి అందులో మాంసం వేస్తే, అది బయట కూడా కరిగింది. పొట్ట రోలులా రుబ్బుతుందా, రసంతో కరిగిస్తుందా అన్న పాత తగాదా అలా తేలింది. పాపం ఆ కూలివాడికి మాత్రం ఈ ప్రయోగాలంటే చిరాకు, చాలాసార్లు వెళ్లిపోయాడు కూడా. 1836లో జర్మనీలో ష్వాన్ ఆ రసంలోంచే పెప్సిన్‌ను గుర్తించాడు.

పచ్చిగానే_తింటా | 2:02

కథలు బాగున్నాయి. ఉడికించకూడదు అన్న నా మాటకి జవాబు రాలేదు.

గుగ్గిళ్ళ_గుర్రం | 2:30

జవాబు మన అమ్మమ్మలే చెప్పారు తమ్ముడూ. పసిపిల్లాడి పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం, గుర్రం తిన్న గుగ్గిళ్ళు జీర్ణం" అనేవాళ్లు కదా. గుర్రానికి పెట్టేవి ఉలవలే, అయినా ఉడికించి గుగ్గిళ్ళు చేసి పెట్టేవాళ్లు. పచ్చి ఉలవల్లో, సోయాలో ట్రిప్సిన్‌ను కట్టిపడేసే పదార్థం ఉంటుంది. గింజ తనను ఎవరూ తినకుండా పెట్టుకున్న కాపలా అది. ఉడికిస్తే దాని ఆట కట్టు. అంటే పొయ్యి మన ఎంజైములను ఖర్చు పెట్టించడం లేదు, వాటి పని తేలిక చేస్తోంది. పచ్చి బియ్యం కంటే అన్నం తేలిగ్గా అరిగేదీ ఇందుకే. నీళ్లు పీల్చి ఉబ్బిన పిండిలోకి ఎమైలేజ్ సులువుగా దూరుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. కంది, శనగ, ఉలవ, రాజ్మా వీటన్నిట్లో రాఫినోజ్ లాంటి చక్కెరలు ఉంటాయి. వాటి ముడి విప్పే ఎంజైము మనిషి పేగులో అసలు లేదు, ఏ వయసులోనూ లేదు. అవి నేరుగా పెద్దపేగుకి పోతే అక్కడి బ్యాక్టీరియాకి పండగ, మనకి గ్యాస్. రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది.

డల్లాస్_నుంచి_సుజాత | సాయంత్రం 6:50

పాలు చూశారా అండీ? నాకు 38వ ఏట తెలిసింది. ఇక్కడికి వచ్చాక పొద్దున్నే పెద్ద గ్లాసుడు పాలు, కార్న్‌ఫ్లేక్స్ లాంటి సీరియల్ అలవాటైంది. పదకొండుకల్లా ఆఫీసులో కడుపు బెలూన్. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్‌ను విప్పే లాక్టేజ్ తగ్గిందన్నారు. పాలు మరిచిన వయసు నుంచి అది తగ్గడమే మనుషుల్లో ఎక్కువమందికి మామూలట. ఉత్తరాది కంటే మన దక్షిణాదివాళ్లలో ఇంకా ఎక్కువట. విచిత్రం ఏంటంటే పెరుగన్నం ఎంత తిన్నా ఏమీ కాదు. తోడుకునేటప్పుడే ఆ బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తుంది, మిగిలిందాన్ని విప్పే ఎంజైమునీ తనతోపాటే తెస్తుంది. ఇక్కడ లాక్టేజ్ మాత్రలు దొరుకుతాయి, ఐస్‌క్రీముకి ముందు ఒకటి వేసుకుంటాను. ఎంజైము మాత్ర వేసుకుంటే నిజంగా పనిచేసింది నాకు తెలిసి ఇదొక్కటే.

తెనాలి_తమ్ముడు | రాత్రి 8:15

ఒక్కటే కాదక్కా. మా అన్నయ్యకి క్లోమం దెబ్బతింది. ఎనిమిది నెలల్లో 14 కిలోలు తగ్గాడు. ఎంత తిన్నా నూనె తేలే విరేచనం, కడిగినా పోదు. ఒక ఆసుపత్రిలో మూడు నెలలపాటు గ్యాస్ మందులే ఇచ్చారు. చివరికి ఇంకో చోట మలపరీక్ష చేసి, క్లోమం నుంచి లైపేజ్ దాదాపు రావడం లేదన్నారు. క్లోమం నూటికి 90 పాళ్లు చెడితే తప్ప ఇలా బయటపడదట, అంత మిగులు ఉంటుందట దాని దగ్గర. ఇప్పుడు 25,000 యూనిట్ల గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) వాడుతున్నాడు. అవి పంది క్లోమం నుంచి తీసినవి. ఆ మాట విని మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. గొట్టంలో ఆవగింజలంత పూసలుంటాయి, పొట్టలోని పులుపుకి కరగకుండా పూత వేసి. ముద్ద మధ్యలో మింగాలి, తిన్న గంటకి కాదు. నాలుగు కిలోలు వెనక్కి వచ్చాడు.

మామయ్యగారు బరువు తగ్గారా? విరేచనం అలా జిడ్డుగా ఉందా? ఉంటే సిరప్ పక్కన పెట్టి వెంటనే చూపించండి.

భీమవరం_బుల్లోడు | 8:40

విషయం కాస్త పక్కకి పోతుంది, క్షమించాలి. మా ఊళ్లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారికి కుర్రవయసులో ఇలాంటి బాధే, స్ప్రూ అని. పేగు గోడే చెడిపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు. అన్నదమ్ములు ఆ జబ్బుతోనే పోయారు. తర్వాత అమెరికాలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందైంది. మాస్టారు చెప్పిన ఆ గోడ మీది ఎంజైములకి గోడ బాగుండటం ఎంత ముఖ్యమో చూడండి.

ఒంగోలు_కోడలు | ఆదివారం, ఉదయం 7:30

ఇన్ని రిప్లైలా! అందరికీ థాంక్స్. మా ఆడపడుచుకి లింకు పంపాను, ఇంకా బ్లూ టిక్ రాలేదు.

బరువు తగ్గలేదు, విరేచనం మామూలే. పాలు కాఫీలో తప్ప తాగరు. పప్పు వారానికి మూడు రోజులు, అది ముప్పై ఏళ్ల నుంచీ ఉన్నదే. కౌంటర్_వెనక గారూ, మీ ప్రశ్న ఇప్పుడే చూశాను. బీపీ మాత్ర ఒకటి. షుగర్‌కి ఇదివరకు రెండు మందులు కలిసిన మాత్ర వాడేవారు, రెండున్నర నెలల కింద డాక్టరు మార్చారు. స్ట్రిప్ మీద గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ అని ఉంది. భోజనానికి ముందు వేసుకోమన్నారు.

కౌంటర్_వెనక | 7:48

మేడమ్, నేను వెతుకుతున్నది అదే. వోగ్లిబోస్.

మాస్టారు రాసింది ఒకసారి పైకి వెళ్లి చూడండి, పేగు గోడ మీద నాటుకుని ఉన్న మాల్టేజ్, సుక్రేజ్. వోగ్లిబోస్ పని ఆ ఎంజైములకి అడ్డం పడటమే. కావాలనే. అన్నం గబగబా గ్లూకోజు అయిపోతే తిన్న వెంటనే షుగర్ ఎగబాకుతుంది. గోడ దగ్గర అడ్డుకుంటే నిదానంగా ఎక్కుతుంది. మంచి మందే. కానీ విడిపోని చక్కెర కొంత పెద్దపేగుకి జారుతుంది, గుగ్గిళ్ళ గుర్రం గారు చెప్పిన బ్యాక్టీరియా పండగే ఇక్కడా. మొదటి వారాల్లో గ్యాస్, ఉబ్బరం చాలామందికి వస్తాయి. మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి కడుపులో తంటా తెస్తుంది, కానీ అది పాత మాత్రలోనూ ఉండే ఉంటుంది.

ఇప్పుడు ఆ సిరప్ సీసా మీద చదవండి. ఫంగల్ డయాస్టేజ్ అని ఉంటుంది. అంటే బూజు నుంచి తీసిన ఎమైలేజ్, పిండిని విప్పేది. ఒక పూటలో ఒక మందు తలుపు వేస్తోంది, ఇంకోటి తలుపు తోస్తోంది. ఇదే కోవలో అకార్బోజ్ అనే మందు ఉంది, పిండిని విప్పే ఎంజైము మందులతో కలిపి వాడొద్దని దాని కరపత్రంలోనే రాసి ఉంటుంది. పైగా ఈ సిరపుల్లో చాలావాటికి తీపి చక్కెరతోనే వస్తుంది. షుగర్ ఉన్నాయన పూటకి రెండు చెంచాలు తాగుతున్నారు.

మాత్ర మీ అంతట మీరు ఆపకండి. స్ట్రిప్, సిరప్ సీసా రెండూ పట్టుకెళ్లి డాక్టరుకి చూపించండి.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆ మాత్రలో గ్లిమెపిరైడ్ ఉంది, షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంది. అప్పుడు మనం పంచదార నోట్లో పోస్తాం కదా, వోగ్లిబోస్ వాడేవాళ్లకి అది త్వరగా ఎక్కదు. పంచదారను విప్పే సుక్రేజ్‌నే అది అడ్డుకుంటోంది. గ్లూకోజ్ పొడి ఇవ్వాలి, దానికి విప్పాల్సిన ముడి లేదు. ఈ రోజే ఒక ప్యాకెట్ తెచ్చి ఇంట్లో పెట్టండి.

పల్నాటి_మాస్టారు | 8:20

32 ఏళ్లు సుక్రేజ్ అని బోర్డు మీద రాశాను. దాన్ని అడ్డుకునే మాత్ర ఉంటుందని ఈ రోజే తెలిసింది. నేనూ షుగర్ మనిషినే, వెళ్లి నా స్ట్రిప్ చదువుకుంటాను.

పచ్చిగానే_తింటా | 8:31

ఈ కేసులో నా సలహా పనికిరాదని ఒప్పుకుంటున్నాను. ఈ కేసులో మాత్రమే.

ఒంగోలు_కోడలు | తరువాతి సోమవారం, రాత్రి 9:05

అప్‌డేట్. గురువారం డాక్టరు దగ్గరికి వెళ్లాం. సీసా చూసి "ఇది ఎవరిచ్చారు?" అన్నారు. సిరప్ ఆపమన్నారు. వోగ్లిబోస్ మోతాదు తగ్గించి రాశారు, రెండు వారాల తర్వాత తిన్నాక షుగర్ చూసి మళ్లీ ఆలోచిద్దామన్నారు. రాత్రిపూట పప్పు కొన్నాళ్లు వద్దన్నారు. గ్లూకోజ్ ప్యాకెట్ సంగతి అడిగితే "ఎవరు చెప్పారమ్మా, కరెక్టే" అన్నారు, మీ అందరి తరఫున నేను మురిసిపోయాను.

ఉబ్బరం పూర్తిగా పోలేదు, సగం తగ్గింది. నిన్న రాత్రి అందరం నిద్రపోయాం. సీసాలో మిగిలిన సిరప్ పారబోస్తుంటే మామయ్యగారు పక్కనే నిలబడి చూశారు. పైనాపిల్ వాసన బాగుండేదట. గ్లూకోజ్ ప్యాకెట్ కూడా నిమ్మకాయ రుచిది తెచ్చాం, అందుకని దాన్ని పై అరలో పెట్టి ఎక్కడుందో అత్తయ్యగారికి ఒక్కరికే చెప్పాను.